డ్రోన్ డబ్బాలో నాలుగో గుంట

మా దుకాణం ముందు స్పీడ్ బ్రేకర్ ఒకటి వెలిసింది. వేసింది ప్రభుత్వం కాదు. వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ పెద్దమనిషి, ఇంటి పనిలో సిమెంటు మిగిలిపోతే వేయించాడు. ఎత్తు ఎంత ఉండాలన్న విషయంలో ఆయన ఎవరినీ సంప్రదించలేదు, మిగిలిన సిమెంటును తప్ప. ఆటోలు దాని ముందు ఆగి, ఒక క్షణం ఆలోచించి ఎక్కుతాయి. గంజ్ మార్కెట్‌కు పసుపు బస్తాలు మోసే ట్రాలీలు ఆలోచించవు. అవి దాటినప్పుడల్లా నా దుకాణంలో పై అరలోంచి డబ్బాలు ఒకటో రెండో నేలకు దిగుతాయి. ఆయనతో మొర పెట్టుకున్నాను. "బండ్ల స్పీడు తగ్గిందా లేదా?" అన్నాడు. తగ్గింది, కాదనలేను. నా దుకాణానికి వచ్చేవాళ్ళ స్పీడు కూడా తగ్గింది.

ఖాళీ డబ్బా కింద పడితే నష్టమేముందని మీకు అనిపించవచ్చు. అందరికీ అలాగే అనిపిస్తుంది. ఈ వ్యాపారంలో నాకు సానుభూతి దొరికిన సందర్భం ఒక్కటీ లేదు.

మాది నిజామాబాద్‌లో అట్టపెట్టెల దుకాణం. మా నాన్న, మేం బాపు అంటాం, మిఠాయి డబ్బాలతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత పసుపు పొడి ప్యాకెట్లు పట్టే కార్టన్లు వచ్చాయి. ఇప్పుడు పచ్చళ్ళ నుంచి పట్టుచీరల దాకా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అన్ని సైజులూ పెడుతున్నాను. నేను ఎం.కామ్. చదివాను. చదివినందుకు ఫలితం ఏమిటంటే, బాపు నోటిలెక్కతో నడిపిన దుకాణాన్ని నేను కంప్యూటర్‌తో నడుపుతున్నాను. లాభం ఇద్దరిదీ ఒకటే.

మా వైపు డబ్బా కొనే పద్ధతి ఒకటుంది. చేత్తో నొక్కి చూడరు, కూర్చుని చూస్తారు. అమ్మేవాడు నిలబడి ఉంటాడు, కొనేవాడు డబ్బా మీద కూర్చుని బేరం చేస్తాడు. బేరం తెగేదాకా డబ్బా ఆగితే కొంటాడు. కుంగితే అసలు బేరమే ఉండదు. అట్ట ఎన్ని పొరలు, ఎంత మందం అని నేను ఎంత చెప్పినా, మనిషి బరువు మీద ఉన్న నమ్మకం నా మాట మీద లేదు.

పోయిన వానాకాలం, నాట్లు పడుతున్న రోజుల్లో, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. బోధన్ అవతల ఊరు. ఒకామెకు ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో తాడుకు గుర్తింపు కార్డు వేలాడుతోంది. రెండో ఆమె ఆ అమ్మాయి అత్త. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చారేమో, అత్త రాగానే అన్నిటికంటే పెద్ద డబ్బా చూసుకుని దాని మీద కూర్చుంది. డబ్బా ఆగింది.

"ఇది మంచిగున్నది. ఇదే ఇయ్యి బిడ్డా" అంది.

"ఏం పెడ్తరవ్వా దీంట్ల?"

"డ్రోను."

నాకు తెలిసిన డ్రోను పెళ్ళిళ్ళలో వరుడి తల మీద కందిరీగలా తిరిగేది, చేతిసంచిలో పట్టేది. దానికింత డబ్బా ఎందుకన్నాను. కోడలు ఫోన్ తీసి ఫోటో చూపించింది. వాకిట్లో నులకమంచం పక్కన పెట్టి తీసిన ఫోటో అది. రెండూ ఒకటే సైజు.

పొలాలకు మందు కొట్టే డ్రోను. వాళ్ళ ఊరి మహిళా సంఘానికి వచ్చింది. నడపడానికి సంఘంలో ఒకరిని శిక్షణకు పంపాలంటే ఈ అమ్మాయి వెళ్ళింది. పరీక్ష రాసి కార్డు తెచ్చుకుంది. ఒక పంటకాలమంతా చుట్టుపక్కల ఊళ్ళలో వరికీ చెరుకుకూ తనే కొట్టింది. మొన్న ఒక చెరుకు తోట మీద తిప్పుతుంటే కరెంటు తీగకు తగిలి పడింది. ఒక చేయి విరిగింది, డ్రోనుది. చెన్నైలో ఉన్న కంపెనీవాళ్ళు బాగుచేస్తామన్నారు, బ్యాటరీలతో సహా పంపమన్నారు.

"మొగి పురుగు మందు కొట్టే టైముకు రావాలన్నా" అంది ఆ అమ్మాయి. "రాకపోతే రిమోటు ఇంకొకలకు ఇస్తరట. సంఘంల తీర్మానం చేసిన్రు."

"ఎవలకు?"

"ఒకామె కొడుకుకు. మోటర్ సైకిల్ మంచిగ నడుపుతడు, గిది గూడ నడుపుతడని."

"గా మోటర్ సైకిల్ గూడ మోరీల పడ్డది" అంది అత్త, డబ్బా మీద నుంచే.

ఆ అమ్మాయి నవ్వలేదు. కార్డును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. తీర్మానం సంగతి చెప్పడానికి ఆమె ఎంచుకున్న గొంతు, ఊరికి బస్సు ఎన్నింటికని చెప్పే గొంతు. కానీ ఆ తాడు మాత్రం వేలిని వదల్లేదు.

డ్రోను వచ్చినప్పుడు కంపెనీ డబ్బా ఉంటుంది కదా, అది ఏమైందని అడిగాను. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఉన్నది" అంది అత్త. "కోడి పొదుగుతుంది దాంట్ల."

"కోడిని తీసి ఇంకోదాంట్ల పెట్టరాదు?"

"గుడ్లు చెడిపోతయ్. నువ్వు సదువుకున్నోనివి, గది గూడ తెల్వదా?"

తెలియదు. ఎం.కామ్.లో లేదు.

డబ్బా అమ్మి పంపేస్తే నా పని అయిపోయేది. కానీ బ్యాటరీలన్నారు కదా అని, నా సరుకు పంపే కొరియర్ ఆఫీసు క్లర్కుకు ఒక మాట ఫోన్ చేశాను. అతను ఇరవైల్లో ఉన్న మహారాష్ట్ర సరిహద్దు ఊరి కుర్రాడు, మాట మెత్తన, రూలు గట్టి. "లిథియం బ్యాటరీనా? అన్నా, అది మామూలు డబ్బల నడువదు. అది ప్రమాదకర సరుకు. వాట్సాప్‌ల కాగితం పంపిస్త, సదువు" అన్నాడు. ఆ విధంగా నా చదువు మళ్ళీ మొదలైంది.

ఆ కాగితం ఎన్ని పేజీలో చెప్పి మిమ్మల్ని భయపెట్టను. సారాంశం ఏమిటంటే, అలాంటి బ్యాటరీలు పెట్టే డబ్బాకు ఒక ముద్ర ఉండాలి. వలయంలో రెండు అక్షరాలు, పక్కన ఒక వరుస అంకెలు: డబ్బా ఏ రకం, ఎంత బరువు మోస్తుంది, ఏ సంవత్సరం, ఏ దేశంలో తయారైంది. ఒక్క గీతలో జాతకం. ఆ ముద్ర రావాలంటే అలాంటి డబ్బాను నింపి, మనిషి రొమ్ము ఎత్తు నుంచి అన్ని వైపులా, మూలల మీదా పడేసి చూస్తారు. లోపలిది బయటికి రాకూడదు. ఇదే పరీక్షను మా వీధి పెద్దమనిషి నాకు రోజూ ఉచితంగా పెడుతున్నాడని అప్పుడు తెలిసింది. ఫలితాలూ తెలుసు. నా డబ్బాలు తప్పాయి.

మా వీధిలో ప్రింటింగ్ ప్రెస్ మిత్రుడికి ఆ ముద్ర చూపించాను. ఎంత కష్టమైన పరీక్షో చెబుదామనే చూపించాను. ఆయనకు వేరేలా అర్థమైంది. "గింతేనా? రేపు పొద్దుగాల రా. నీ డబ్బల మీదనే కొట్టిస్త" అన్నాడు. ఆయన 'స్వచ్ఛమైన నెయ్యితో చేసినవి' అని ఎన్ని డబ్బాల మీద కొట్టాడో నాకు తెలుసు. లోపల ఏ నూనె ఉందో మా ఇద్దరికీ తెలుసు. నెయ్యి లేని లడ్డు దారిలో అంటుకోదు కదా అని సర్ది చెప్పుకునేవాణ్ణి. ఇది అంటుకుంటుంది. వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు, మంచితనాన్ని కాదన్నట్టు.

ఈలోగా బోధన్ వైపు నుంచి సలహాలు వస్తూనే ఉన్నాయి. అమ్మాయి ఫోన్ చేసేది, వెనక నుంచి అత్త చెప్పేది.

"అన్నా, అత్తమ్మ పెండ్లి ట్రంకు ఉన్నదట. ఇనుపది."

"ఇనుము వద్దు చెల్లె. బ్యాటరీ కొసలు దానికి తాకితే కరెంటు పారుతది."

"ఊక పోసి పంపుదుమా అంటుంది. గాజుగ్లాసులు అట్లనే పంపేటోళ్ళట."

"ఊక అంటుకుంటది."

అవతల కాసేపు మాటలు. మళ్ళీ అమ్మాయి గొంతు. "ఏది చెప్పినా వద్దంటడు, గాయినె అమ్ముతడా అమ్మడా అని అడుగుతుంది."

ఆమెను తప్పుపట్టలేను. తరతరాలుగా మన ఇళ్ళలో సామాను కాపాడినవి ఇనుమూ ఊకా. ఒకటి కరెంటును దాటనిస్తుంది, ఒకటి నిప్పును పిలుస్తుంది. మనకున్న జాగ్రత్తలన్నీ దొంగలకూ ఎలుకలకూ వానకూ తయారైనవి. లోపల పెట్టిన వస్తువే దొంగ అయితే ఏం చేయాలో వాటికి తెలియదు.

డ్రోనుకు పెద్ద పెట్టె నేనే కట్టాను. ఏడు పొరల అట్ట, మూలలకు చెక్క. అది సులువు. బ్యాటరీలకు మాత్రం ముద్ర ఉన్న డబ్బా హైదరాబాద్ నుంచి తెప్పించాను. చూడ్డానికి నా డబ్బాలాగే ఉంది, అందుకు కొంచెం బాధ కలిగింది. లోపలికి నిప్పంటుకోని రకం బూడిదరంగు స్పాంజి తెచ్చి, ఫోన్‌లో ఆ అమ్మాయి పంపిన కొలతలకు నాలుగు గుంటలు కోశాను. ఒక్కో బ్యాటరీకి ఒక్కో గుంట. ఒకటి ఇంకోదాన్ని తాకకూడదు, దేనికీ కదిలే జాగా ఉండకూడదు. పిల్లలను రైల్లో పడుకోబెట్టినట్టు.

వాళ్ళు అద్దె బొలెరోలో డ్రోనును గోనెసంచుల మీద పడుకోబెట్టి తెచ్చారు. బ్యాటరీలు పాత చీరలో చుట్టి ఉన్నాయి. కొరియర్‌వాళ్ళ దగ్గర ఇలాంటి సరుకు తీసుకుపోయే బండి వారానికి ఒక్కసారే బయల్దేరుతుంది. అది ఆ రోజే. వారం దాటితే మందు కొట్టే అదును కూడా దాటుతుందని ఎవరూ గుర్తు చేయలేదు. అవసరం లేదు, అమ్మాయి నిమిషానికోసారి గోడ గడియారం చూస్తూనే ఉంది.

బ్యాటరీలను ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. ఇటుక కంటే కొంచెం పెద్దవి, బరువైనవి. చార్జి ఎంతుందన్నాను. "మూడో వంతు లోపే. ఇంటికాన్నే దించుకొచ్చిన" అంది. కొసలకు ప్లాస్టిక్ మూతలు కూడా తనే తొడిగి తెచ్చింది. క్లర్కు ఇచ్చిన కాగితం ఆమెకూ పంపాను, నాకంటే శ్రద్ధగా చదివింది.

మూడు బ్యాటరీలు బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోది ఊగింది. వేలితో ముట్టుకుంటే ఊయలలా అటూ ఇటూ. తిప్పి చూస్తే అడుగు ఉబ్బి ఉంది.

"నెల దప్పినట్టున్నది" అంది అత్త.

కంపెనీకి ఫోన్ చేశాం. ఉబ్బినదాన్ని పంపనే వద్దన్నారు. ఏ ముద్ర ఉన్న డబ్బా అయినా సరే, ఆ డబ్బాలో దానికి చోటు లేదు, దాని దారి వేరు. ఎండిన ఇసుకలో పెట్టి, ఇంటికి దూరంగా ఉంచితే తర్వాత వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడట. మిగిలిన మూడింటితో డ్రోనును పరీక్ష చేసుకుంటామన్నారు.

"అయితే మూడు పోతయ్" అంది కోడలు, ఊపిరి వదిలి.

"మూడా?" అంది అత్త.

"మూడే అత్తమ్మ."

అత్త బల్ల మీది బ్యాటరీలను వేలితో ఒక్కోటీ లెక్కపెట్టుకుంది. ఉక్కపోతగా ఉంది, నేను ఫ్యాను పెంచాను.

ఉబ్బినదాన్ని పెరట్లో రేకు డబ్బాలో ఇసుక పోసి పాతిపెట్టి వచ్చాను. డబ్బాలో నాలుగో గుంట ఖాళీగా ఉండకూడదు కాబట్టి, అంతే సైజు స్పాంజి ముక్క కోసి దిగ్గొట్టాను. తర్వాత నేనూ అమ్మాయీ ఆ మూల బల్ల దగ్గర కూర్చుని కాగితాలు నింపాం. ఏముంది, ఎన్ని ఉన్నాయి, ఎంత బరువు, సర్దింది ఎవరు. సర్దింది నేనని రాసి దుకాణం ముద్ర వేశాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో లోపల ఉన్నదానికి నేను పూచీ పడటం అదే మొదలు. మేం లేచేసరికి డబ్బా మీద పై స్పాంజి పరిచి సిద్ధంగా ఉంది. అత్త పక్కన నిలబడి ఉంది. పని అందుకునే మనిషి అని మనసులో మెచ్చుకున్నాను.

"మూత పెట్టనా అవ్వా?"

"పెట్టు. మంచిగ పెట్టు."

మంచిగానే పెట్టాను. టేపు వేశాను, మండుతున్న బ్యాటరీ బొమ్మ ఉన్న చారల లేబులు అంటించాను. అత్త ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "పోయేటప్పుడు గిట్లాంటి బొమ్మ ఎందుకు?" అంది. శకునం మాట నిజమే. కానీ అది లేకపోతే బండి ఎక్కనివ్వరు.

కొరియర్ గోడౌను ఊరి బయట మాక్లూర్ రోడ్డులో ఉంది. మేం వెళ్ళేసరికి బండి వెనక తలుపులు తెరిచి సరుకు ఎక్కిస్తున్నారు. క్లర్కు డ్రోను పెట్టెను చూసి, బాగుందన్నాడు. నేను వినయంగా ఉన్నాను. బ్యాటరీల డబ్బాను కాంటా మీద పెట్టాడు. కాగితం చూశాడు. కాంటా చూశాడు. డబ్బా దించి మళ్ళీ పెట్టాడు.

"అన్నా, నీ కాగితం ఒకటి జెప్తుంది, నా కాంటా ఒకటి జెప్తుంది."

"కాంటా పాతదేమో."

"మొన్ననే ముద్ర ఏయించినం." అతను గొంతు తగ్గించాడు. "గా ఉబ్బిన బ్యాటరీ ఏడున్నది?"

ఆ సంగతి ఉదయమే ఫోన్‌లో నేనే చెప్పాను. "మా పెరట్ల, ఉస్కెల."

"పక్కా?"

పక్కా అన్నాను. అని, ఆ అమ్మాయి వైపు చూశాను. నేను పెరట్లోంచి వచ్చాక ఆమె అటు వెళ్ళిందా? కంపెనీ నాలుగూ అడిగింది, నాలుగూ పంపితే పని తొందరగా అవుతుందని అనుకుని ఉంటుందా? అదే క్షణంలో ఆమె నా వైపు చూసింది. ఇసుకలో పెట్టి వచ్చానన్న మనిషి పెట్టాడా లేదా అని ఆ చూపు. ఇద్దరం ఒకరినొకరు అనుమానించి, మర్యాదగా చూపులు తిప్పుకున్నాం.

"ఇప్పు" అన్నాడు క్లర్కు.

టేపు కోశాను. పై స్పాంజి తీశాను. మూడు గుంటల్లో మూడు బ్యాటరీలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగో గుంటలో నా స్పాంజి ముక్క లేదు. పసుపు గుడ్డలో చుట్టిన మూట ఉంది. అచ్చం ఆ సైజులో.

క్లర్కు అందరినీ వెనక్కి జరగమన్నాడు. చేతి తొడుగులు వేసుకున్నాడు. రెండు చేతులతో మెల్లగా ఎత్తి, దూరంగా సిమెంటు గచ్చు మీద పెట్టి, గుడ్డ కొస పట్టి విప్పాడు.

రాయి. గాలికి లేవకుండా అట్టల దొంతర మీద నేను బరువు పెట్టుకునే రాయి. దానికి పసుపు రాసి ఉంది, మధ్యలో కుంకుమ బొట్టు. ఇన్నేళ్ళు నా దుకాణంలో పని చేసినా దానికి అంత గౌరవం దొరకలేదు.

"ఇదేంది?" అన్నాడు క్లర్కు.

"రాయి" అంది అత్త.

"రాయని కనవడ్తనే ఉన్నదవ్వా. ఎందుకున్నది?"

"మూడు పోతున్నయ్ గద. మూడు పోవద్దు. తోడు పెట్టిన."

మన వైపు ఇది అందరికీ తెలిసిందే. ముగ్గురు కలిసి ప్రయాణం పోకూడదు. పోక తప్పకపోతే ఒక రాయి చేతిలో పెట్టుకుంటారు, అది నాలుగో మనిషి. నాకూ తెలుసు. బ్యాటరీలకూ వర్తిస్తుందని తెలియదు.

క్లర్కు చేతి తొడుగులు తీసి స్టూలు మీద కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. "మా ఆయి గూడ ముగ్గురం పోతే సంచిల రాయి ఏస్తది" అన్నాడు, వాళ్ళమ్మను తలచుకుని. "గని గింత పెద్దది ఎయ్యదు. చిన్న గులకరాయి ఏస్తది."

"గవి గంత ఉన్నప్పుడు తోడు చిన్నగుంటే ఎట్ల?"

అతను నా కాగితం ఎత్తి చూపించాడు. "అవ్వా, కాగితంల రాయి లేదు. తియ్యున్రి. బండి పోయే టైమైంది."

"తియ్యద్దు" అంది అత్త. మొండితనం కాదు, గొంతులో భయం ఉంది. "గా దినం చేన్లకు గూడ ముగ్గురే పోయిన్రు. ఇది, డ్రైవరు, ట్యాంకుల మందు పోసెటామె. పోవద్దన్న. ఇన్నదా? ఏమైంది?"

"తీగ తగిలింది అత్తమ్మ. తీగ నేను సూడలే" అంది కోడలు.

"దినాం సూస్తవ్. గా దినమే ఎందుకు సూడలే?"

గోడౌనులో సరుకు ఎక్కించేవాళ్ళు కూడా చేతులాపి వింటున్నారు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి మధ్యే మార్గం చెప్పాను. రెండే బ్యాటరీలు పంపుదాం, సరి సంఖ్య. కాగితాలన్నీ తిరగరాయాలి, కంపెనీ నుంచి మళ్ళీ రాయించుకోవాలి, ఈ బండి దొరకదన్నాడు క్లర్కు. తర్వాత అతనే ఇంకో దారి వెతికాడు.

"అవ్వా, డ్రోను గూడ పోతుంది గద. డ్రోనుతోని కలిపి లెక్కపెట్టు. నాలుగైతయ్."

అత్త నిజాయితీగా ఆలోచించింది. పెదవులు కదిపి లెక్క కూడా పెట్టింది.

"గది వేరే డబ్బల ఉన్నది గద" అంది చివరికి. "వేరే డబ్బ, వేరే ఇల్లు."

నా దుకాణంలో డబ్బా గురించి ఇంత స్పష్టంగా మాట్లాడిన మనిషి ఇంకొకరు రాలేదు. నేను చదివిన కాగితమూ అదే అంటుంది, ప్రతి డబ్బానూ విడిగా లెక్కించాలని.

అమ్మాయి గచ్చు మీద కూర్చుంది. రాయిని చూసింది, బండి తలుపులు చూసింది. ఈ మూడూ క్షేమంగా చెన్నై చేరి, బాగుపడి, అదునుకు తిరిగి వస్తే ఎవరూ ఏమీ అనరు. రాకపోతే, రాయి తీసినందుకే రాలేదన్న మాట ఒకటి ఇంట్లోనూ ఊళ్ళోనూ ఎప్పటికీ ఉంటుంది. తీగ సంగతి అందరూ మరిచిపోతారు. ఆ మాట మరిచిపోరు. ఇదంతా ఆమెకు నాకంటే బాగా తెలుసు. రాయి తీయకపోతే మాత్రం డబ్బా అసలు పోనే పోదు.

ఆమె రాయిని గుడ్డతో సహా ఎత్తి అత్త చేతుల్లో పెట్టింది.

"మూడే పోనియ్యి" అంది. తర్వాత, "గా స్పాంజి ముక్క ఏది?" అని అడిగింది.

అత్త సంచిలోంచి తీసి ఇచ్చింది. "గిన్నెలు తోమనీకి పనికొస్తదనుకున్న" అంది, ఎవరి వైపూ చూడకుండా.

స్పాంజి పెట్టి మళ్ళీ టేపు వేశాను. క్లర్కు కాంటా, నా కాగితం ఈసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. టేపు వేస్తున్నంతసేపూ ఒక ఆలోచన వదల్లేదు. నా కాగితంలో ప్రతి రూలు వెనకా ఎక్కడో ఒక లారీ కాలి ఉంటుంది, ఎవరో చేతులు కాల్చుకుని ఉంటారు. ఖాళీ ఉంచకు, ఉబ్బినది పెట్టకు, ఇనుము తాకనివ్వకు. మూడు పోవద్దన్న మాట వెనక కూడా ఎప్పుడో ముగ్గురు పోయి ఉంటారు, ఎవరో ఒకరు తిరిగి రాకపోయి ఉంటారు. ఆ ఒకరు ఎవరో, ఏ దారిలోనో రాసిపెట్టేవాళ్ళు లేకపోయారు. అంకె ఒక్కటే మిగిలింది. నేను ఆమెను చూసి నవ్వలేదంటే అది మంచితనం కాదు. నవ్వడానికి చోటు వెతికాను, దొరకలేదు.

బండి తలుపులు మూశారు. అది గేటు దాటి హైవే వైపు తిరిగేదాకా ముగ్గురం నిలబడి చూశాం. అమ్మాయి రసీదును కార్డు వెనక ప్లాస్టిక్ తొడుగులో దూర్చుకుంది. బొలెరో ముందు సీట్లో అత్త ఎక్కి కూర్చుంది, ఒళ్ళో రాయి. నా రాయే, కానీ తిరిగి ఇమ్మనడానికి నోరు రాలేదు. అట్టల మీద బరువుకు ఇంకోటి దొరుకుతుంది.

ఆమె ముఖం చూసి ఏదో ఒక ధైర్యం చెప్పాలనిపించింది. నాకు తెలిసిన ధైర్యం డబ్బా గురించే.

"ఏం గాదవ్వా" అన్నాను. "గా డబ్బను రొమ్ము ఎత్తు నుంచి పడేసినా పలగది. పరీక్ష చేసి ముద్ర ఏసిన్రు. లోపలికి దుమ్ము గూడ పోదు."

ఆమె రాయి మీద పసుపు గుడ్డను సరిచేసుకుంది. కోడలు పక్కన ఎక్కి తలుపు వేసుకునేదాకా ఆగింది. తర్వాత కిటికీలోంచి నా ముఖంలోకి చూసింది.

"డబ్బకేమైతది. డ్రోను టైముకు రాకపోతే ఊరోళ్ళు నిన్నొక్క మాటనరు బిడ్డా. నా కోడల్నంటరు."